హైదరాబాద్ నుంచి విజయవాడకి ఫ్లైటా, కారా, రైలా? లెక్క ఇలా వేసుకోండి

హైదరాబాద్ నుంచి విజయవాడకి రోడ్డు మీద దాదాపు 275 కిలోమీటర్లు. ఫ్లైట్ టికెట్ మీద కనిపించేది గంట, కాస్త అటూ ఇటూగా. ఈ రెండు అంకెలూ చూస్తే ఎవరికైనా ఫ్లైటే నయమనిపిస్తుంది. నేనుండేది కూకట్‌పల్లిలో, పుట్టిల్లు పటమటలో. బయల్దేరే ముందు నేను చూసుకునేది మా గుమ్మం నుంచి అమ్మ వాళ్ల గుమ్మానికి ఎంతసేపు పడుతుందనే.

ముందు ఆ గంట సంగతి. శంషాబాద్ నుంచి విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరానికి ఆకాశమార్గంలో సుమారు 265 కిలోమీటర్లు. ఈ రూట్లో తిరిగే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం గంటకి 500 కిలోమీటర్ల దాకా వెళ్తుంది కాబట్టి ఆ దూరానికి అరగంట పైచిలుకు చాలు. రన్‌వే దాకా మెల్లగా పోవడం, పైకి లేవడం, దిగడం, మళ్లీ నిలబడే చోటికి రావడం కలిపి గంట వేస్తారు. ఇంకోటి, మ్యాపు తీసి చూడండి. గన్నవరం ఉన్నది విజయవాడ దాటాక, ఏలూరు వైపు. ఊరు దాటి పోయి, దిగాక ఓ 20 కిలోమీటర్లు వెనక్కి రావాలన్నమాట.

ఇప్పుడు కూడండి. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి గంట, సాయంత్రమైతే గంటన్నర. బ్యాగులు తీసుకునే కౌంటర్ గంట ముందే మూసేస్తారు, సెక్యూరిటీ లైను కూడా ఉంటుంది కాబట్టి గంటన్నర ముందే అక్కడుండాలి. ఫ్లైట్ గంట. బ్యాగు వచ్చేసరికి ఇరవై నిమిషాలు, అక్కణ్నుంచి పటమటకి ముప్పావు గంట. మొత్తం నాలుగున్నర, ఐదు గంటలు ఎక్కడికీ పోవు. కారులో సూర్యాపేటలో ఆగి టీ తాగినా నాకు అంతకంటే పెద్ద తేడా రాదు. ఇక ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ వాళ్లు ఫ్లైట్ మాటే ఎత్తక్కర్లేదు, హైవే వాళ్ల వాకిట్లోనే ఉంది.

సికింద్రాబాద్ దగ్గర్లో ఉంటే వందే భారత్ చూడండి. వరంగల్, ఖమ్మం మీదుగా దాదాపు నాలుగు గంటల్లో ఊరి నడిబొడ్డున దింపుతుంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకి నేను బుక్ చేసేది అదే. ఏటీఆర్‌కి వెనక తలుపు దగ్గర మెట్లెక్కాలి, లోపల పైన అరలు కూడా చిన్నవి. పెద్దవాళ్లని ఫ్లైట్‌లోనే పంపాలంటే టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ అడగండి.

ఫ్లైట్ నిజంగా కలిసొచ్చేది విదేశాల నుంచి శంషాబాద్‌లో దిగేవాళ్లకి. ఎలాగూ ఎయిర్‌పోర్టులోనే ఉంటారు కదా. అయితే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే పూర్తి చేసుకోవాలి, అందుకని మధ్యలో కనీసం మూడు నాలుగు గంటలు పెట్టుకోండి. రెండు ప్రయాణాలకీ ఒకటే టికెట్ తీసుకోండి. విడిగా కొంటే లోకల్ ఫ్లైట్‌లో మామూలుగా ఇచ్చేది 15 కిలోలే. అమెరికా నుంచి తెచ్చే 23 కిలోల పెట్టెలు రెండింటికీ అదనంగా కట్టాల్సి వస్తుంది.

సంక్రాంతికి మాత్రం ఈ లెక్కలన్నీ తారుమారు. హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరతాయి, ఫ్లైట్ రేట్లు ఆకాశాన్నంటుతాయి. రైలు టికెట్ రిజర్వేషన్ తెరిచిన రోజే కొనేయండి. అది దొరక్కపోతే, తెల్లారకముందే పంతంగి దాటేలా కారు తీయండి.