రెండు నిమిషాలకే మాటలు అయిపోతుంటే: ప్రార్థనలో ఎదగాలనుకునేవాళ్లకు

మా సంఘంలో కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లతో కూర్చుని మాట్లాడే పని నాది. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "అక్కా, రెండు నిమిషాలకే మాటలు అయిపోతున్నాయి. మీరంతా అంతసేపు ఏం ప్రార్థన చేస్తారు?" పెద్దవాళ్లు గంటసేపు ధారాళంగా ప్రార్థించడం విని బెదిరిపోయి వస్తారు పాపం. వాళ్లకు ముందు లూకా 11వ అధ్యాయం తీసి చూపిస్తాను. చిన్నప్పటి నుంచి ప్రార్థనలు వింటూ పెరిగిన శిష్యులే "మాకు ప్రార్థన చేయడం నేర్పు" అని యేసును అడిగారు. ఆయన నేర్పిన పరలోక ప్రార్థన ఎంత నెమ్మదిగా చెప్పినా నిమిషానికి మించి పట్టదు. ఎక్కువ మాట్లాడితేనే దేవుడు వింటాడని అనుకోవద్దని మత్తయి 6:7లో ఆయనే చెప్పాడు. కాబట్టి ఎంతసేపు అనే లెక్క పక్కన పెట్టేయండి.

రోజూ ఒకే వేళ, ఒకే చోట పది నిమిషాలతో మొదలుపెట్టండి. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి వెళ్లాడు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. నైట్ డ్యూటీ చేసేవాళ్లు, పసిపిల్లల తల్లులు తమకు కుదిరిన వేళ పెట్టుకోవచ్చు, తెల్లవారుజామునే చేయాలన్న రూలేమీ లేదు. ఫోన్ మాత్రం వేరే గదిలో ఉండాలి. యాప్‌లో బైబిలు చదువుకుంటామంటారు చాలామంది. ఈ పది నిమిషాలకు మాత్రం అచ్చు పుస్తకమే తెచ్చుకోండి.

ఇక మాటల సంగతి. సొంత మాటలు దొరకనప్పుడు కీర్తనల దగ్గర అరువు తెచ్చుకోండి. 150 కీర్తనలున్నాయి, మన మనసు ఏ స్థితిలో ఉన్నా దానికి సరిపడేది ఒకటి దొరుకుతుంది. నేనైతే అందరినీ 13వ కీర్తనతో మొదలుపెట్టమంటాను. ఆరే వచనాలు. మొదటి రెండూ ప్రశ్నలే: నన్ను ఎంతకాలం మరచిపోతావు, ఎంతకాలం నాకు ఈ చింత? ఆ వచనం పైకి చదివి, ఆగి, మీ మాట కలపండి. "ప్రభువా, ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చినప్పటి నుంచి ఫోన్ వంకే చూస్తున్నాను. ఇంట్లో ఎవరికీ ముఖం చూపించలేకపోతున్నాను. ఇంకా ఎంతకాలం?" దేవుడితో అలా మాట్లాడొచ్చా అని కొందరు జంకుతారు. ఈ కీర్తన రాసిన దావీదు మాట్లాడాడు, అది పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది.

మూడో వచనంలో కళ్లకు వెలుగు ఇవ్వమని అడుగుతాడు. ఇక్కడ మీకు ఏ విషయంలో వెలుగు కావాలో చెప్పండి: వచ్చిన ఈ ఉద్యోగానికి ఒప్పుకోవాలా, ఆగాలా? ఐదో వచనానికి వచ్చేసరికి దావీదు దేవుని కృపను నమ్ముకున్నానంటాడు. ఆ మాట మీ నోటికి రాకపోతే వచ్చినట్టు నటించకండి. మార్కు 9వ అధ్యాయంలో రోగంతో ఉన్న కొడుకును తీసుకొచ్చిన తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకం విషయంలో సహాయం చెయ్యమన్నాడు. యేసు అతన్ని వెళ్లగొట్టలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. ఆ తండ్రి మాటే మీరూ చెప్పండి.

ఒక కీర్తనను వారమంతా ఇలా ప్రార్థించాక రెండోదానికి వెళ్లండి. 88వ కీర్తన మాత్రం ముందే చూసి పెట్టుకోండి. అది చీకటి దగ్గరే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు. ఏమీ బాగులేని రోజున అది అక్కరకొస్తుంది.

ఇతరుల కోసం ప్రార్థించేటప్పుడు "అందరినీ ఆశీర్వదించు ప్రభువా" అనే మాట నాకు అస్సలు నచ్చదు. అందులో ఎవరూ ఉండరు. నోట్‌బుక్‌లో పేరు, విషయం, తేదీ రాయండి, పక్కన ఖాళీ వదలండి. "అన్నయ్య ఆరోగ్యం" అని కాదు, "శుక్రవారం స్కానింగ్, అన్నయ్యకు టెన్షన్ తగ్గాలి" అని రాయండి. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి ఎలా జరిగిందో కనుక్కోండి, అది కూడా ఆ ప్రార్థనలో భాగమే. జవాబు వస్తే ఖాళీలో రాసి, అక్కడే స్తోత్రం చెప్పండి. ఖాళీగానే మిగిలిపోయే వరుసలూ ఉంటాయి. పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను విడవకుండా వేధించిన బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకుంటే, అది పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. విశ్వాసం తక్కువై జవాబు రాలేదని ఎవరైనా మీతో అంటే, 2 కొరింథీ 12వ అధ్యాయం తీసి చూపించండి.

మనసు పక్కదారి పడుతుందా? గుర్తొచ్చిన పనిని కాగితం మీద రాసి పక్కన పెట్టండి. అదే విషయం మళ్లీ మళ్లీ వస్తుంటే, ముందు దాని గురించే ప్రార్థించండి. నిద్ర వస్తే లేచి నడుస్తూ చేయండి. బిడ్డ కోసం మందిరంలో గొంతు బయటికి రాకుండా ప్రార్థించిన హన్నాలాగా పెదవులు కదిపినా చాలు.

రోజు మధ్యలో చేసే చిన్న ప్రార్థనలు ఈ పది నిమిషాల నుంచే పుడతాయి. పారసీక రాజు దగ్గర పనిచేసే నెహెమ్యా ఆ రాజు ముందు నిలబడి, రాజు ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ఉన్న ఆ క్షణంలో ప్రార్థించాడు. కానీ దాని వెనక, పాడైపోయిన యెరూషలేము కోసం, యూదుల నెలల్లో కిస్లేవు నుంచి నీసాను దాకా, అంటే దాదాపు నాలుగు నెలల కన్నీళ్లు, ఉపవాసం ఉన్నాయి. మీటింగ్‌కి తలుపు తీసే ముందు, కోపంగా మెసేజ్ పంపే ముందు ఒక్క వాక్యం చాలు.

ప్రార్థన కూటంలో నోరు విప్పాలంటే భయపడేవాళ్లు ఒకే విషయం, రెండే వాక్యాలు, ఆమేన్. ముందువాళ్లు ప్రార్థించిన అంశాన్నే అందుకుంటే ఇంకా తేలిక. వేరేవాళ్ల సంగతి ప్రార్థన మనవిగా చెప్పేటప్పుడు మాత్రం ముందు వాళ్లను అడగండి. ప్రార్థన పేరుతో ఇంటి గుట్టు వీధిన పడడం నేను చూశాను, ఆ తర్వాత ఆ కుటుంబం ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.