పాత డిఫరెన్షియల్ ఎక్కించే ముందు హౌసింగ్ గొట్టాలు కడిగారా?

మామిడి సీజన్ దగ్గర పడింది. నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కి పికప్‌లు ఇక రాత్రీ పగలూ లోడుతో తిరుగుతాయి. ఈలోపే మొన్న మా దగ్గర ఒక పికప్‌కి రోడ్డు మీద పోతుండగానే వెనక చక్రాలు పట్టేశాయి. బండి అడ్డం తిరిగింది. వెనకాల వస్తున్న బైకు వచ్చి గుద్దుకుంది, ఆ కుర్రాడి కాలు విరిగింది. వెనక చక్రాల మధ్య ఉండి, ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే పళ్ల చక్రాల జతే డిఫరెన్షియల్. ఈ బండికి దాన్ని మార్పించి నెల రోజులు కూడా కాలేదు. ఆటోనగర్‌లో కొన్న పాతదే, కానీ పళ్లూ బేరింగులూ బాగున్న సరుకు. మరి ఎందుకు పట్టేసింది?

విప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. యాక్సిల్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) లాగేసి, హౌసింగ్ గొట్టంలో (డిఫరెన్షియల్ కూర్చునే ఇనుప డొక్కుకి అటూ ఇటూ చక్రాల దాకా ఉండే గొట్టం) వేలు పెట్టి గీరితే బూడిదరంగు ముద్ద వచ్చింది. అందులో బియ్యపు గింజంత ఇనుప పెళ్లలు. అంతకుముందున్న డిఫరెన్షియల్ పగిలినప్పుడు రాలినవి అవి. కొన్న సరుకును కిరోసిన్‌తో తళతళలాడేలా కడిగారు, అది కూర్చోబోయే హౌసింగ్‌ని మాత్రం మధ్యలో గుడ్డతో తుడిచి వదిలేశారు.

పళ్ల లెక్క సరిపోవాలి, అంటే క్రౌన్ వీల్‌కి (పెద్ద పళ్ల చక్రం) 41, పినియన్‌కి (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) 10 ఉన్న చోట 41కి 10 ఉన్నదే వేయాలి. ఇది అందరికీ తెలిసిందే. గొట్టాల సంగతే ఎవరికీ పట్టదు. బండి మలుపు తిరిగినప్పుడల్లా ఆయిల్ ఆ గొట్టాల్లోకి వెళ్లి, పొడిని కలుపుకుని మధ్యలోకి వస్తుంది. అక్కణ్ణుంచి బేరింగుల్లోకి. కొత్త బేరింగైనా ఆ పొడికి ఎన్నాళ్లో ఆగదు.

కాబట్టి యాక్సిళ్లు రెండూ బయటికి లాగండి. పాత ఆయిల్ సీళ్లు పీకేయండి, వాటి వెనక సందుల్లోనే పెళ్లలు ఇరుక్కుంటాయి. పొడుగాటి రాడ్డుకి బనియన్ వేస్ట్ గట్టిగా చుట్టి, కిరోసిన్‌లో ముంచి, చక్రం వైపు నుంచి మధ్యకి తోయండి. గుడ్డ మార్చి మళ్లీ తోయండి. గుడ్డని ఎండలో పట్టుకుని చూస్తే ఒక్క మెరుపు కూడా కనిపించకూడదు. రెండో గొట్టం కూడా అంతే. ఒకవైపే పాడైంది కదా అని రెండోది వదలొద్దు.

ఇక కొన్న సరుకు సంగతి. కడగకముందే చూడండి, కడిగాక సాక్ష్యం పోతుంది. అడుగున ఆయిల్ పాలరంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బెజవాడలో ఎన్ని బండ్లు మునిగాయో మనం చూశాం. అలాంటి బండి సరుకు పైన రంగు వేసి ఉంటే గుర్తుపట్టలేం. బేరింగ్ కప్పు (బయటి రింగు) లోపల, రోలర్లు ఆనిన చోట్లలో సమాన దూరంలో నల్లటి గీతలు ఉన్నాయా చూడండి. నీళ్లలో కదలకుండా నిలబడ్డ బేరింగ్‌కి ఆ గీతలు పడతాయి. గోరు పెట్టి గీకితే తగులుతాయి. ఆ బేరింగ్ పారేయాల్సిందే.

క్రౌన్ వీల్ పళ్లు ఒక్కొక్కటీ తిప్పుతూ చూడండి. మెరుస్తూ నునుపుగా అరిగితే ఫర్వాలేదు. గుంటలు, పొలుసు లేచిన పన్ను, నీలంగా కాలిన మచ్చ, వీటిలో ఏది ఉన్నా తీసుకోవద్దు. క్రౌన్ మీద, పినియన్ మీద జత నంబరు కొట్టి ఉంటే రెండూ ఒకటేనా చూడండి. రెండూ కలిపి అరగదీసిన జత అది. వేరే పినియన్ వేస్తే ఊళ పెడుతుంది, తర్వాత పళ్లు రాలతాయి. షాపతను "ఏం కాదన్నా, సర్దుకుంటుంది" అంటాడు. సర్దుకోదు.

బేరింగ్ క్యాపులు (బేరింగుల్ని పట్టి ఉంచే మూతలు) విప్పే ముందు కుడి ఎడమ పంచ్‌తో గుర్తు కొట్టండి. తారుమారైతే బేరింగ్ సరిగ్గా కూర్చోదు.

కంప్రెసర్ గాలితో బేరింగ్‌ని గిర్రున తిప్పొద్దు. ఆయిల్ లేకుండా ఆ వేగంలో తిరిగితే పాడవుతుంది, విడిపోయి ముఖానికి తగలొచ్చు కూడా.

పెట్రోలుతో కడగొద్దు. దగ్గర్లో వెల్డింగ్ జరుగుతుంటే కిరోసిన్ కూడా వద్దు.

గొట్టాలు కడిగారా? సీళ్లు ఎక్కించకముందే ఇంకోసారి చూడండి.

బ్రీదర్ (హౌసింగ్ లోపలి గాలి బయటికి పోయే దారి) విప్పి ఊదండి. అది మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల నుంచి బ్రేకుల మీదికి వస్తుంది.

పినియన్ బేరింగుల మధ్య నలిగే స్లీవ్ ఉన్న రకమైతే కొత్తది వేయండి. ఒకసారి నలిగింది మళ్లీ పనికిరాదు. పినియన్ నట్టు కూడా కొత్తదే.

క్రౌన్ బోల్టులు టార్క్ రెంచ్‌తోనే (బిగింపు ఎంతో చూపించే పానా) బిగించండి. చేతి అంచనా వద్దు.

బ్యాక్‌లాష్, అంటే క్రౌన్ పళ్లకీ పినియన్ పళ్లకీ మధ్య ఉండే సందు, డయల్ గేజ్‌తో కొలవండి. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె రావాలి. అది మిల్లీమీటరులో పదో వంతు లెక్క, చేత్తో ఊపి చూస్తే తెలియదు.

పళ్లకి మార్కింగ్ బ్లూ (ముద్ర పడే రంగు) రాసి తిప్పి చూడండి. ముద్ర పన్ను మధ్యలో పడాలి. అంచున పడితే షిమ్ములు (సందు సర్దే సన్నటి రేకులు) మార్చండి.

జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టండి.

మాన్యువల్‌లో గేర్ ఆయిల్ జీఎల్-5 అని ఉంటే అదే గ్రేడు పోయండి. ఇంజన్ ఆయిల్ పోయొద్దు.

పోసే ముందు గొట్టాల్లోకి టార్చి వేసి చూడండి. చూశామని మెకానిక్ చెప్పినా మీరు చూడండి.

మొదటి రోజు ఖాళీ బండే నడపండి. ఇరవై కిలోమీటర్లకి ఆపి డిఫరెన్షియల్ మీద చెయ్యి దగ్గరగా పెట్టండి. సెగ కొడుతుంటే ఆపేసి విప్పండి.

500 కిలోమీటర్లకి ఆయిల్ దింపి డ్రెయిన్ ప్లగ్‌కి అంటింది చూడండి. మెత్తటి పొడి కొంచెం ఉంటే తుడిచి కొత్త ఆయిల్ పోయండి. వేలికి గుచ్చుకునేది ఒక్కటి ఉన్నా ఆ బండికి లోడు ఎక్కించొద్దు.