గ్యాస్ బండ పది రోజులు ఎక్కువ రావాలంటే ఏం చేయాలి?

ఇళ్లలో వాడే గ్యాస్ బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. నలుగురున్న ఇంట్లో అది 45 రోజులు వస్తోందనుకుందాం. అంటే రోజుకు సుమారు 315 గ్రాములు. అదే బండ 55 రోజులు వస్తే రోజు వాడకం 258 గ్రాములకు దిగినట్టు. ఏడాదికి ఎనిమిది బండలు పట్టే ఇల్లు ఆరున్నరతో గడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 పథకం కింద అర్హులైన ఇళ్లకు కూడా ఏడాదికి మూడు బండలే ఉచితం, మిగతావి కొనుక్కోవాల్సిందే. కాబట్టి ఈ తేడా ప్రతి ఇంటికీ లెక్కలోకి వస్తుంది. రోజుకు ఆ 57 గ్రాములు మిగిల్చుకోవడానికి ఏ కూరా మానేయక్కర్లేదు.

ముందు బండ తూకం చూడండి

బండ పైభాగాన పిడిని పట్టి ఉంచే నిలువు పట్టీల మీద ఖాళీ బండ బరువు రాసి ఉంటుంది. ఉదాహరణకు 15.9 అని ఉంటే, దానికి 14.2 కలిపి మొత్తం 30.1 కిలోలు తూగాలి. బండ తెచ్చిన మనిషిని తూచి చూపించమని అడగండి. అది వినియోగదారుడి హక్కు, మొహమాటపడాల్సింది ఏమీ లేదు. సీలు ఊడి ఉన్నా, తూకం తగ్గినా అక్కడే వెనక్కి పంపేయండి.

అదే పట్టీ మీద ఇంగ్లిష్ అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. బండను మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది. ఏ అంటే జనవరి-మార్చి, బి అంటే ఏప్రిల్-జూన్, సి అంటే జూలై-సెప్టెంబర్, డి అంటే అక్టోబర్-డిసెంబర్. బి-28 అంటే 2028 జూన్‌తో గడువు తీరుతుందని. తీరిన బండను తీసుకోవద్దు.

బిగించాక సబ్బు నురగను రెగ్యులేటర్ చుట్టూ, పైపు రెండు చివర్లా రాయండి. బుడగలు వస్తుంటే లీకు ఉన్నట్టే. రెగ్యులేటర్ ఆపేసి, కిటికీలు తీసి, 1906కు ఫోన్ చేయండి. ఏ స్విచ్చూ వేయొద్దు, తీయొద్దు. అన్నీ సరిగ్గా ఉంటే ఆ రోజు తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ తేదీ లేకపోతే ఆదా అయిందో లేదో తెలిసే దారి ఉండదు.

బర్నర్ శుభ్రం చేసే పద్ధతి

మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుగా లేస్తూ గిన్నెల అడుగు మసి పడుతోందంటే గ్యాస్ పూర్తిగా మండడం లేదు. పొంగిన పాలు, గంజి, పప్పు నురగ బర్నర్ కన్నాల్లో ఎండిపోవడమే చాలా ఇళ్లలో దీనికి కారణం.

స్టవ్ చల్లారాక ఇత్తడి బర్నర్ మూతలు తీయండి. వేడినీళ్లలో నిమ్మకాయంత చింతపండు, చెంచా ఉప్పు వేసి, వాటిని అరగంట నాననివ్వండి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఒక్కో కన్నంలో గుండుసూది పెట్టి లోపలి నుంచి బయటికి నెట్టండి. కన్నం పెద్దది చేయకూడదు, పెద్దదైతే మంట కొలత తప్పుతుంది. కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉండగానే బిగించి, మంట ఇంకా సరిగ్గా రావడం లేదని చాలామంది కంగారుపడతారు. శుభ్రం చేశాక కూడా పసుపు మంటే వస్తుంటే లోపల గ్యాస్ వచ్చే సన్న కన్నం, అంటే జెట్‌లోనో, గాలి వచ్చే దారిలోనో తేడా ఉంది. అది మెకానిక్ పని, సూదితో పొడవద్దు.

అసలు ఖర్చు: మరిగాక కూడా తగ్గించని మంట

మనం గ్యాస్ ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. మూత లేని గిన్నెలో నీళ్లు ఒకసారి తెర్లడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా వాటి వేడి 100 డిగ్రీలు దాటదు. పెంచిన మంటంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. లీటరు నీళ్లను మరిగించడానికి ఎంత వేడి కావాలో, ఆ లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి అంతకు ఏడు రెట్లకు పైగా కావాలి. కూరగాయ ముక్కలు పెద్ద మంట మీద కుతకుతలాడినా, సిమ్‌లో మెల్లగా ఉడికినా దాదాపు ఒకే సమయంలో మెత్తబడతాయి. కాబట్టి ఏది మరిగించినా మూత పెట్టండి, మరుగు రాగానే సిమ్‌కు తిప్పండి. ఈ ఒక్క అలవాటే చాలా గ్యాస్ మిగులుస్తుంది.

అన్నానికి గంజి వార్చే పద్ధతిలో గ్లాసు బియ్యానికి ఐదారు గ్లాసుల ఎసరు కాగాలి. అందులో సగానికి పైగా పారబోయడానికే కాచినట్టు. గంజి తాగే ఇల్లయితే ఫర్వాలేదు, లేకపోతే అత్తెసరే మేలు. బియ్యం ఇరవై నిమిషాలు నానబెట్టి, గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు పోయండి. పాత బియ్యమైతే రెండున్నర. నీళ్లు ఇంకి, అన్నం మీద చిన్న చిన్న గుంటలు కనిపించగానే స్టవ్ కట్టేసి, మూత తీయకుండా పది నిమిషాలు వదిలేయండి. మిగతాది ఆ ఉమ్మలోనే మగ్గుతుంది.

ఇక కుక్కర్. అందులో ఒత్తిడి వల్ల నీళ్లు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, త్వరగా ఉడకడానికి కారణం అదే. అడుగు గిన్నెలో గంట నానిన కందిపప్పు, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు. పై గిన్నెలో నానిన బియ్యం. కుక్కర్ అడుగున రెండు గ్లాసుల నీళ్లు. మొదటి కూత వచ్చేదాకా పెద్ద మంట, తర్వాత సిమ్‌లో ఆరేడు నిమిషాలు, ఆపై స్టవ్ ఆపేయాలి. కూత వస్తోందంటే ఎక్కువైన ఆవిరి బయటకు పోతోందని అర్థం. ఐదారు కూతలు వేయించడమంటే ఆ ఆవిరిని డబ్బిచ్చి కొని వదిలేయడమే. ఒత్తిడి దానంతట అది దిగేదాకా వెయిట్ ఎత్తొద్దు, ఆ పది నిమిషాలూ వంట ఉచితంగా సాగుతూనే ఉంటుంది. మూత అంచు నుంచి ఆవిరి బుసకొడుతుంటే గ్యాస్కెట్ వదులైంది, మార్చండి.

ఇలా చేసినా పప్పు పలుకుగా మిగిలిందా? రెండు కారణాలు చూడండి. ఒకటి పులుపు: చింతపండు, టమాటా, మామిడికాయ పప్పుతోపాటే వేస్తే అది మెత్తబడడం ఆలస్యమవుతుంది. వాటిని విడిగా ఉడికించి తర్వాత కలపండి. రెండోది బోరు నీళ్లు: సబ్బు నురగ రాని ఉప్పునీళ్లలో పప్పు ఉడకడానికి మొండికేస్తుంది. పప్పు వరకు తాగే నీళ్లు వాడితే కూతల సంఖ్య దానంతట అదే తగ్గుతుంది. శనగలు, రాజ్మా అయితే ముందు రాత్రే నానబెట్టాలి.

చిన్న గిన్నె కింద పెద్ద బర్నర్ వెలిగించకండి. మంట గిన్నె అంచు దాటి పైకి లేస్తుంటే ఆ వేడి వంటింటికే పోతోంది. పాలు, టీ, పోపు చిన్న బర్నర్ మీదే. ఫ్రిజ్‌లోని పిండి, పాలు గంట ముందే బయట పెట్టండి. టీ రెండుసార్లు తాగే ఇంట్లో ఒకేసారి కాచి ఫ్లాస్కులో పోసుకోవచ్చు.

స్నానాల నీళ్లు

పది లీటర్ల నీళ్లను గ్యాస్ మీద 90 డిగ్రీల దాకా కాస్తే దగ్గరదగ్గర 100 గ్రాముల గ్యాస్ పోతుంది. అది చన్నీళ్లు కలిపితే ఇద్దరి స్నానానికి వస్తుంది. రోజూ ఇద్దరికి కాస్తే నెలకు మూడు కిలోలు, అంటే బండలో అయిదో వంతుకు పైనే. పొద్దున్నే వెళ్లాల్సిన పని లేనివాళ్లు మధ్యాహ్నం ఎండలో బిందెలు పెట్టి సాయంత్రం స్నానం చేస్తే సరి.

ఇండక్షన్ స్టవ్ కొనాలా?

ఒక బండ చేసే వంట ఇండక్షన్ మీద చేయాలంటే సుమారు 130 యూనిట్ల కరెంటు పడుతుంది. బండకు మీరిచ్చే ధరను 130తో భాగించండి. 900 రూపాయలైతే దాదాపు 7 రూపాయలు వస్తుంది. మీ కరెంటు బిల్లులో చివరి శ్లాబు రేటు అంతకంటే తక్కువుంటే ఇండక్షన్ లాభం, ఎక్కువుంటే నష్టం. చూడాల్సింది సగటు రేటు కాదు, చివరి శ్లాబే, ఎందుకంటే కొత్తగా పెరిగే యూనిట్లన్నీ అందులోనో, దాని పై శ్లాబులోనో పడతాయి. తెలంగాణలో గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం కింద సున్నా బిల్లు వచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది.

బండ అయిపోవచ్చినప్పుడు

మిగిలిన గ్యాస్ కోసం బండను పడుకోబెట్టడం, తలకిందులు చేయడం, వేడినీళ్లలో నిలబెట్టడం ప్రాణం మీదికి తెచ్చే పనులు. పడుకోబెడితే ద్రవ గ్యాసే పైపులోకి వచ్చి మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తడిగుడ్డతో బండను నిలువునా తుడిచి రెండు నిమిషాలు ఆగండి. ద్రవం ఉన్న మేర తడి ఆలస్యంగా ఆరుతుంది, ఆ గీత కింది అంచుకు దగ్గరపడితే కొత్తది బుక్ చేయండి.