యాక్సిడెంట్ కేసులో ఇన్సూరెన్సు మనిషి వస్తే: ఏం చెప్పాలి, దేని మీద సంతకం పెట్టకూడదు

పదహారో నంబరు హైవే మీద సింగరాయకొండ దగ్గరో కావలి దగ్గరో లారీ గుద్ది కాలు విరిగిందనుకోండి. ఆపరేషనై ఇంకా మంచం దిగకముందే ఫైలు పట్టుకుని ఒకాయన వస్తాడు. ‘ఇన్సూరెన్సు నుంచి వచ్చాం, రెండు వివరాలు చెప్తే మీ డబ్బు త్వరగా వస్తుంది’ అంటాడు. ఆయన సర్వేయరు కాదు. సర్వేయరు చూసేది బండి డ్యామేజీ. గాయాల కేసులో వచ్చేది ఇన్వెస్టిగేటర్, అదీ మిమ్మల్ని గుద్దిన బండి తాలూకు కంపెనీ పంపినవాడు. డబ్బు ఇచ్చే అధికారం ఆయనకు లేదు. ఎందుకు తగ్గించాలో, ఎందుకు ఇవ్వక్కర్లేదో కాగితం మీదికి తేవడమే ఆయన పని. దురుసుగా మాట్లాడక్కర్లేదు గానీ మనవాడనీ అనుకోవద్దు.

ముందు ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన లెటరు చూపించమనండి, ఫోన్లో ఫొటో తీసుకోండి. ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషను పేరు, ఆస్పత్రి పేరు చెప్పండి. స్టేట్‌మెంటు రాసుకుంటానంటే ‘మా వకీలు ద్వారా ఇస్తాం’ అనండి. ఆయనేమీ పోలీసు కాదు, ఆయనకు సంతకం పెట్టిచ్చి తీరాలన్న రూలు లేదు. ఖాళీ కాగితం మీద గానీ, చదవలేని ఇంగ్లీషు కాగితం మీద గానీ సంతకం వద్దు, వేలిముద్ర అసలే వద్దు. ఒరిజినల్ బిల్లులు, ఎక్స్‌రేలు చేతికివ్వకండి, జిరాక్సులు చాలు.

ఆయన అడిగే ప్రతి ప్రశ్న వెనకా లెక్క ఉంటుంది. బండి మీద ఎంతమంది, హెల్మెట్ ఉందా, లైసెన్సు ఉందా, మందు తాగారా, రాంగ్ రూటులో వచ్చారా... ఇవన్నీ తప్పులో కొంత వాటా మీ మీద వేసి పరిహారం కోయడానికే. ముగ్గురు ఎక్కారని చెప్పగానే కేసు పోయినట్టు భయపడొద్దు. ముగ్గురు ఎక్కడం వల్లే యాక్సిడెంట్ జరిగిందనో, దెబ్బ ఎక్కువైందనో రుజువైతేనే కోత పెట్టాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. అబద్ధం మాత్రం ఆడొద్దు, ఆస్పత్రి కేస్ షీటు తెప్పించి పోల్చి చూస్తారు.

ఆ కేస్ షీటు దగ్గరే కేసులు ఎక్కువగా చెడతాయి. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు ‘ఎట్లా జరిగింది?’ అని అడిగితే, కంగారులో ఉన్న బంధువు ‘బండి మీంచి పడ్డాడు సార్’ అంటాడు. పోలీసు కేసయ్యే గాయాలు రాసే ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రిజిస్టరులో అదే ఎక్కుతుంది. నాలుగు రోజుల తర్వాత ఎఫ్ఐఆర్‌లో లారీ నంబరు వస్తే, లారీని తర్వాత తెచ్చి ఇరికించారని కంపెనీ వాదిస్తుంది. అందుకే ఒంగోలు రిమ్స్ అయినా, నెల్లూరు పెద్దాసుపత్రి అయినా, ప్రైవేటు అయినా, మొదటి డాక్టరుకే చెప్పాల్సినవి మూడు: ఏ బండి గుద్దింది, ఎక్కడ, ఎన్ని గంటలకు. నంబరు తెలియకపోతే ‘లారీ గుద్దింది, నంబరు చూడలేదు’ అనే చెప్పండి, ‘జారి పడ్డాడు’ అనొద్దు. తప్పు పడిందని తెలిస్తే వెంటనే సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు దగ్గర ఉంచుకోండి.

ఎఫ్ఐఆర్ ఆలస్యమైతే ఎందుకైందో ఫిర్యాదులోనే రాయాలి: స్పృహ లేదు, చెన్నై తీసుకెళ్లాం, తోడు ఉన్నది ఒక్కరే... ఏది నిజమైతే అది. మీ బైకు ఎంవీఐ (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు) వచ్చి చూసేదాకా రిపేరుకు ఇవ్వకండి. వెనక నుంచి గుద్దాడా, ఎదురుగా వచ్చాడా అనేది ఆ రిపోర్టులోని డ్యామేజీ వివరాల్లోనే తేలుతుంది. గాయాల గురించి డాక్టరు రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్‌లో ఎముక విరిగిన గాయాన్ని ‘గ్రీవియస్’ (తీవ్ర గాయం) అని రాశారో లేదో చూసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రూల్స్ ప్రకారం పోలీసులు మొదటి రిపోర్టు 48 గంటల్లో, పూర్తి రిపోర్టు 90 రోజుల్లో, పరిహారం తేల్చే కోర్టయిన ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపారా లేదా అని స్టేషనుకు వెళ్లి అడుగుతూ ఉండాల్సిందే. గుద్దిన బండి నంబరు తెలిస్తే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, కంపెనీ పేరు, పాలసీ గడువు కనిపిస్తాయి.

ఇక డబ్బు సంగతి. ఇంటికొచ్చి చెప్పే అంకె ఎప్పుడూ బిల్లుల చుట్టూనే తిరుగుతుంది. అసలు సొమ్ము సంపాదన నష్టంలో ఉంటుంది. ముప్పై నాలుగేళ్ల తాపీమేస్త్రి, నెలకు 15,000 అనుకుందాం. ఏడాదికి 1,80,000. నలభై లోపు సొంత పని చేసుకునేవాళ్లకు ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 2,52,000. పనిచేసే శక్తి 20 శాతం పోయిందని తేలితే 50,400. ఈ ఏడాది నష్టాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చవేస్తారు, ఆ వయసుకు అది 16 కాబట్టి 8,06,400. ఆస్పత్రి ఖర్చు, నొప్పి బాధలు, తోడున్న మనిషి కూలి, ఆటోలు, మంచి తిండి... ఇవన్నీ దీనికి వేరేగా కలుస్తాయి.

కంపెనీ పట్టుబట్టేది ఆ 20 శాతం దగ్గరే. డాక్టరు ‘కాలికి 40 శాతం’ అని రాస్తే అది మొత్తం శరీరానికి 40 అని కాదు. అలాగని సగానికి సగం కొట్టెయ్యాలనీ లేదు. చీమకుర్తి గ్రానైటు క్వారీలో రాయి మోసేవాడికీ, కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడికీ అదే కాలు ఒకే నష్టం కాదు కదా. మీ పనికి ఎంత అడ్డమో తేల్చేది ట్రిబ్యునల్. వైకల్యం సర్టిఫికెట్ ఒక్కటే పెడితే చాలదు, వైద్యం చేసిన డాక్టరు వచ్చి సాక్ష్యం చెబితేనే దానికి బలం. ఎముక సరిగా అతక్కముందే సర్టిఫికెట్ తీసుకుంటే ‘ఇంకా తగ్గుతుంది’ అంటారు.

ఆదాయానికి జీతం స్లిప్పు లేనివాళ్లే ఎక్కువ. రొయ్యల చెరువు లీజు కాగితం, మేత కొన్న బిల్లులు, పొగాకు బోర్డు వేలం బిల్లులు, పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంటు ఏదున్నా పనికొస్తుంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషనైతే బిల్లులుండవు, డిశ్చార్జి సమ్మరీ భద్రంగా పెట్టుకోండి. మిగతా పద్దులన్నీ అడగొచ్చు.

అన్ని కేసుల్లోనూ కంపెనీ కట్టదు. ట్రాక్టరు ట్రాలీలోనో టాటా ఏస్ వెనకాలో కూలికి వెళ్తూ పడితే, సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించారని కంపెనీ తప్పుకోవచ్చు, అప్పుడు ఓనరు మీదికి వెళ్లాలి. సొంత బైకు వెనక కూర్చున్నవాళ్లకు ఆ బైకు మీదున్న ‘యాక్ట్ ఓన్లీ’ (చట్టం తప్పనిసరి చేసినంతవరకే ఉండే) పాలసీ నుంచి డబ్బు రాదు, ప్యాకేజీ (అంతకు మించి కవరేజీ ఉండే) పాలసీ ఉండాలి. గుద్దినవాడికి లైసెన్సు లేదనే సాకు వేరు, అక్కడ మామూలుగా ముందు మీకు కట్టించి ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటారు.

పరిహారం పిటిషన్ యాక్సిడెంట్ జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని చట్టం. ఎక్కడో చెన్నై దగ్గర జరిగినా మీరు ఉండేది నెల్లూరైతే నెల్లూరులోనే వేయొచ్చు, ఒంగోలువాళ్లు ఒంగోలులో. ఆస్పత్రి వరండాలోనే వకాలత్ మీద సంతకం పెట్టించుకునే బ్రోకర్లను నమ్మకండి. ఫీజు ఎంతో, ఎప్పుడో ముందే రాయించుకోండి. స్తోమత లేకపోతే జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోను 15100.

రాజీకి వస్తే తప్పు లేదు, ఏళ్ల తరబడి తిరిగే బాధ తప్పుతుంది. కాకపోతే ఇంట్లో స్టాంపు పేపరు మీద కాకుండా ట్రిబ్యునల్ ముందో లోక్ అదాలత్‌లోనో రాయించండి. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. కాలులో వేసిన రాడ్డు, ప్లేటు తర్వాత తీయించాలంటే మళ్లీ ఆపరేషను ఖర్చే. డాక్టరు దగ్గర దాని అంచనా కాగితం ముందే తీసుకుని, ఆ మొత్తం రాజీ అంకెలో ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.