పాత ఇంగ్లీషు, 6వ పాఠం: మిథింక్స్‌లో ‘ఐ’ ఎక్కడుంది?

పోయిన పాఠంలో క్రియ చివర వచ్చే ‘ఎత్’, ‘ఎస్ట్’ల గురించి చెప్పి, ఆఖర్లో తొందరపడి మిథింక్స్ అంటే ఐ థింక్ అనేశాను. ఆ ముక్కే కొంప ముంచింది. చాలామంది ‘ఐ మిథింక్స్’ అని రాశారు. ఒకరైతే ‘ఐ’ తర్వాత ‘ఎస్’ ఏమిటని దాన్ని కొట్టేసి ‘ఐ మిథింక్’ అని దిద్దారు. ఆయన అనుమానం సబబే. తప్పు నాది. ఈసారికి అనుకున్న పాఠం పక్కన పెట్టి దీని సంగతే చూద్దాం.

ఇప్పటి థింక్ వెనక ఒకప్పుడు రెండు క్రియలుండేవి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో థెంచన్ అంటే ఆలోచించడం, థ్యుంచన్ అంటే అనిపించడం. భూతకాలంలో థోహ్తె, థూహ్తె. ఇంత దగ్గరగా పలికే మాటలు కలిసిపోక ఏం చేస్తాయి? మిథింక్స్ ఆ రెండోదాని మిగులు.

దీన్ని పట్టుకోవడం ఇంగ్లీషువాళ్లకంటే మనకే సుళువు. ‘నాకు అనిపిస్తుంది’ని విడగొట్టండి. ‘మి’ అంటే ‘నాకు’. ‘థింక్స్’ అంటే ‘అనిపిస్తుంది’. ఆ ‘ఎస్’ మన ‘తుంది’. ‘నాకు అనిపిస్తాను’ అని ఎవరమైనా అంటామా? ‘ఐ మిథింక్’ అంటే అచ్చంగా అంత పనీ చేసినట్టే. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ కాలంలో ‘హిమ్ థాట్’ కూడా ఉండేది, ‘అతనికి అనిపించింది’ అని. తర్వాత వాడుకలో నిలిచింది మాత్రం ‘మి’తో ఉన్నదే.

ఇక నాకు ఒళ్లు మండే చోటు: మిథాట్. దీన్ని ‘మై థాట్’ అని, అంటే ‘నా ఆలోచన’ అని చదివేస్తారు. కాదు. అది క్రియ, మిథింక్స్‌కి భూతకాలం. షేక్‌స్పియర్ నాటకంలో రాజు డంకన్‌ను చంపి వచ్చిన మాక్‌బెత్ ‘మిథాట్ ఐ హర్డ్ ఎ వాయిస్ క్రై’ అంటాడు. ‘ఒక గొంతు విన్నానని ఆలోచించాను’ అని రాశారా, సీను చచ్చిపోతుంది. చేతికి నెత్తురంటుకుని వణుకుతున్నవాడు ఆలోచించడం లేదు. ‘ఏదో గొంతు అరిచినట్టనిపించింది’ అంటున్నాడు. అది అతను చేసిన పని కాదు, అతనికి జరిగినది.

హామ్లెట్‌లో రాణి మాట కూడా అందరూ తలకిందులుగానే చెబుతారు. మిథింక్స్ అక్కడ మొదట్లో రాదు, చివర వస్తుంది: ‘ద లేడీ డత్ ప్రొటెస్ట్ టూ మచ్, మిథింక్స్’. ‘ఆవిడ మరీ ఒట్లు పెట్టేస్తోంది, అనిపిస్తోంది నాకు.’ ప్రొటెస్ట్ అంటే అప్పట్లో ఒట్టేసి చెప్పడం. ధర్నా కాదు.

నా అడ్డదారి: మిథింక్స్ కనబడగానే ‘నాకు’ అని మొదలెట్టేస్తాను. ఐ థింక్‌కి మాత్రం ఇది పనికిరాదు. షేక్‌స్పియర్ నాటికే అది రెండు అర్థాలూ మోస్తోంది.

అభ్యాసం ఒక్కటే, నిఘంటువు తెరవకుండా: ‘రాత్రంతా ఆలోచించాను. తెల్లారేసరికి వాడిదే న్యాయమనిపించింది. ఇప్పుడు మళ్లీ ఆలోచిస్తే, నాదే అనిపిస్తోంది.’ పాత ఇంగ్లీషులోకి మార్చండి. ‘ఐ’ రెండుసార్లకు మించి రాకూడదు.