గిబ్ రివర్ రోడ్డులో ఇద్దరే క్యాంపింగ్‌కి వెళ్ళి, పెంటెకోస్ట్ నది క్షేమంగా దాటడం ఎలా?

మే నెల రాగానే డార్విన్‌లో ఉన్న మాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, ఈసారి మేమిద్దరం గిబ్ రివర్ రోడ్డు మీదుగా కింబర్లీ ప్రాంతానికి వెళ్తున్నాం, ఏ టెంటు కొనమంటారు?" అని. టెంటు! ఇప్పటికి నలుగురైదుగురు జంటలకు చెప్పాను. ఒక్కరు కూడా "నది ఎలా దాటాలి?" అని అడగలేదు. అందులో ఒక జంట తిరిగొచ్చాక బండి కార్పెట్లు నెల రోజులు వాళ్ళ బాల్కనీలోనే ఆరాయి. మేమిద్దరం ఆ దారిలో నాలుగుసార్లు వెళ్ళాం. మూడోసారి నుంచి ఆ నది దగ్గర స్టీరింగు నాదే. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందుగా దారి సంగతి. గిబ్ రివర్ రోడ్డు పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర కొసలో, డెర్బీకి, కునునర్రా వైపు హైవేకి మధ్య దాదాపు 660 కిలోమీటర్ల దారి. కునునర్రా వైపు కొసకి దగ్గర్లో పెంటెకోస్ట్ నది అడ్డంగా వస్తుంది, బండి ఆ నీళ్ళలోంచే దాటాలి. పశువుల స్టేషన్ల (అంటే గొడ్లను పెంచే పెద్ద క్షేత్రాల) నుంచి గొడ్లను ఓడరేవులకు తోలుకెళ్ళడానికి వేసిన బాట ఇది. రెండు కొసల్లో కొంత తారు ఉంది, మిగతాది చాలావరకు ఎర్ర కంకర. మే నుంచి అక్టోబరు దాకానే వెళ్ళాలి. నవంబరు తర్వాత వానలు పడితే రోడ్డు మూసేస్తారు. మూసిన రోడ్డు మీద బండి నడిపితే భారీ జరిమానా వేస్తారు. బయల్దేరే ముందు రోజు రాష్ట్ర రోడ్ల శాఖ పెట్టే సమాచారం చూసుకోండి. నన్నడిగితే జూన్ చివరి వారం, జూలై మొదటి వారం సరైన సమయం. అప్పటికి జలపాతాల్లో నీళ్ళుంటాయి, నదుల్లో ఉధృతి తగ్గి ఉంటుంది. సెప్టెంబరులో వెళ్ళేవాళ్ళు వేడికి మాడిపోవడానికే వెళ్తారు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. నిజమైన ఫోర్ వీల్ డ్రైవ్ బండి, లో రేంజ్ గేర్లు (మెల్లగా, ఎక్కువ బలంతో లాగేవి) ఉన్నది కావాలి. ఎత్తుగా కనిపించే సిటీ బళ్ళు పనికిరావు. డీజిల్ అయితే మంచిది. రెండు స్టెప్నీలు, గాలి కొట్టే చిన్న కంప్రెసర్, గాలి కొలిచే గేజు, లాగే బెల్టు, టార్పాలిన్ పట్టా, శాటిలైట్ ఫోను, బండికీ బండికీ మాట్లాడుకునే యూహెచ్‌ఎఫ్ రేడియో. మనిషికి రోజుకి పది లీటర్ల చొప్పున మంచినీళ్ళు. టెంటు నేల మీద వేసేదే కొనండి. బండి నెత్తిన ఎక్కించే టెంట్లు నాకు గిట్టవు. రాత్రి రెండింటికి బాత్‌రూమ్‌కి నిచ్చెన దిగడం ఒక బాధ, పొద్దున్నే ఎక్కడికైనా వెళ్ళాలంటే ఇల్లంతా మడిచి నెత్తిన పెట్టుకోవాల్సి రావడం ఇంకో బాధ. ట్రైలర్ లాక్కెళ్ళే ఆలోచన మాత్రం ఇంట్లోనే వదిలేసి రండి.

వంటకి బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి, చింతపండు, ఒక చిన్న కుక్కరు చాలు. డార్విన్ నుంచి వచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. రాష్ట్ర సరిహద్దు దగ్గర చెక్‌పోస్టులో తాజా పళ్ళు, కూరగాయలు, తేనె ఉంటే వదిలేసి వెళ్ళాలి. మొదటిసారి మా పెరటి కరివేపాకు కట్టని నా చేతులతోనే అక్కడి డబ్బాలో వేశాను. కూరగాయలు కునునర్రాలో కొనుక్కోండి. సరిహద్దు దాటగానే గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోండి. జూన్‌లో అక్కడ సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గుంకుతుంది. చీకటి పడితే రోడ్డు ఆవులది, కంగారూలది. నాలుగింటికల్లా టెంటు వేసేయాలి. ఇది మా ఇంటి చట్టం.

ఏ వైపు నుంచి మొదలుపెట్టాలన్నదాని మీద పెద్ద వాదనలున్నాయి. నా మాట ఒకటే: కునునర్రా నుంచే. ఆ ఊరు నుంచి పెంటెకోస్ట్ నది సుమారు వంద కిలోమీటర్లే. అంటే కష్టమైన పని మొదటి రోజో రెండో రోజో వస్తుంది. నీళ్ళు ఎక్కువగా ఉంటే క్యాంపింగ్ చోటున్న ఎల్ క్వెస్ట్రో స్టేషన్ దాకా వెనక్కొచ్చి ఎమ్మా గార్జ్‌లో (గార్జ్ అంటే ఇరుకు లోయ) ఈదుకుంటూ రెండు రోజులు ఆగొచ్చు. డెర్బీ నుంచి వచ్చేవాళ్ళు దాదాపు ఆరు వందల కిలోమీటర్లు ఒళ్ళు హూనం చేసుకుని నది దగ్గరికి చేరతారు. అప్పుడు నీళ్ళు ఎక్కువగా ఉన్నా వెనక్కి తిరగబుద్ధి కాదు. "ఇంత దూరం వచ్చాక..." అనే మాటే బళ్ళని నీళ్ళలోకి తోస్తుంది.

తారు అయిపోగానే ఆగి టైర్లలో గాలి తగ్గించండి. హైవే మీద 40 పీఎస్‌ఐ ఉంటే, కంకర మీద నేను 28కి దించుతాను. సామాను బాగా ఎక్కువైతే వెనక టైర్లు 30. రోడ్డంతా సిమెంటు రేకుల్లా అలలు పడి ఉంటుంది. గాలి తగ్గిస్తే టైరు మెత్తగా ఒంగుతుంది, రాళ్ళకి చీలదు. వేగం 70 దాటొద్దు. "80లో వెళ్తే అలల మీద తేలిపోతుంది" అనేవాళ్ళ మాట వినకండి. తేలిన బండికి బ్రేకులు పట్టవు. ఎదురుగా రోడ్ ట్రైన్ వస్తే, అది 50 మీటర్లకి పైగా పొడవుండే లారీ కాబట్టి, పక్కకి తీసి ఆగిపోండి, దుమ్ము అణిగాక కదలండి. రేడియో 40వ ఛానల్‌లో పెట్టుకుంటే ఆ డ్రైవర్ల మాటలు ముందే వినిపిస్తాయి.

ఇప్పుడు నది.

మన ఊళ్ళలో వాగు దాటాలంటే ఏం చేస్తాం? ఒకరు పంచె ఎగగట్టి, కర్ర పట్టుకుని ముందు దిగుతారు. లోతు చూసి చెయ్యి ఊపితే వెనక బండి కదులుతుంది. ఆస్ట్రేలియాలో కూడా చాలా వాగుల దగ్గర అదే పద్ధతి, ముందు నడిచి చూడాలి. కానీ పెంటెకోస్ట్‌లో కాలు పెట్టకూడదు. అక్కడ ఉప్పునీటి మొసళ్ళుంటాయి. ఉప్పునీటివని పేరే గానీ సముద్రం నుంచి లోపలికి, మంచినీటి మడుగుల్లోకి కూడా వస్తాయి. మనిషిని వేటగా చూసే జాతి ఇది. కరిని పట్టిన మకరి కథ చిన్నప్పుడు విన్నవాళ్ళమే కదా, నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయని ధీమా వద్దు. ఫోటో కోసం ఒడ్డున కూర్చోవడం, గిన్నెలు కడగడం, చేప కోయడం ఏదీ వద్దు. టెంటు నీటి అంచుకి కనీసం 50 మీటర్ల దూరంలో ఉండాలి. పోయిన ఏడాది మా కళ్ళ ముందే ఒకాయన ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని నదిలోకి నడిచాడు. వాళ్ళావిడ ఒడ్డున వీడియో తీస్తోంది. మా ఆయన అరిచిన అరుపుకి ఆయన వెనక్కొచ్చి మా మీదే కోప్పడ్డాడు.

నడవకుండా లోతు ఎలా తెలుస్తుంది? కూర్చోవాలి. బండి ఒడ్డుకి దూరంగా, ఎత్తు మీద ఆపి, టీ పెట్టుకుని కనీసం అరగంట చూడండి. ఆ రోడ్డులో వేరే బళ్ళు తప్పకుండా వస్తాయి. ఒక బండి దాటేటప్పుడు మూడు విషయాలు చూడండి: ఎక్కడ దిగింది, ఎక్కడ పైకొచ్చింది, మధ్యలో నీళ్ళు చక్రం మీద ఎంతవరకు వచ్చాయి. చక్రం మధ్యలో ఉండే హబ్ దాటకపోతే బేఫికర్. హబ్ దాటి బంపర్ దాకా వస్తే రెండో బండిని కూడా చూడండి. బానెట్ తడిస్తే టెంటు సామాను మళ్ళీ విప్పండి, ఆ రోజుకి ప్రయాణం లేదు. పెద్ద టైర్లు వేసి ఎత్తు పెంచిన బళ్ళని చూసి లెక్క వేయకండి, వాళ్ళ హబ్ మన బంపర్ ఎత్తులో ఉంటుంది. మన బండిలాంటిదే దాటే దాకా ఆగాలి. ముందు చక్రం ఎక్కడ ఎగిరిపడిందో కూడా గుర్తుపెట్టుకోండి, అడుగున గుండ్రాళ్ళు ఎక్కువ. నీళ్ళు ఎర్రగా, వేగంగా, కొమ్మలు మోసుకుంటూ పోతుంటే లోతుతో పనిలేదు, దిగొద్దు. పారే నీరు ఎంత బరువైన బండినైనా పక్కకి నెట్టేస్తుంది.

ఈ అరగంట వల్ల ఇంకో లాభం ఉంది. ఇంజన్, కింద ఉండే గేర్ డబ్బాలు చల్లారతాయి. కాలిపోతున్న ఇనుము చటుక్కున చల్లనీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ళ సందుల్లోంచి నీళ్ళని లోపలికి పీల్చుకుంటుంది. ఆ నీళ్ళు ఆయిల్‌లో కలిసిన సంగతి మీకు అక్కడ తెలియదు, రెండు నెలల తర్వాత మెకానిక్ చెబుతాడు. హడావిడిగా వచ్చి హడావిడిగా దిగేవాళ్ళందరూ చేసే తప్పు ఇదే.

తర్వాత బండిని సిద్ధం చేయాలి. బానెట్ ముందు భాగానికి టార్పాలిన్ అడ్డంగా కట్టండి, ఎదురు నీళ్ళు రేడియేటర్ మీద పడవు. ఏసీ ఆపండి, ఫ్యాను తిరగకుండా ఉంటుంది. నంబర్ ప్లేటు గట్టిగా ఉందో లేదో లాగి చూడండి, ఆ నీటి అల ప్లేట్లని ఊడబెరికేస్తుంది. మాది ఒకటి ఇప్పటికీ ఆ నదిలోనే ఉంది. అన్నిటికంటే ముఖ్యమైన పని, నూటికి తొంభై మంది చేయనిది, లాగే బెల్టుని పొడి నేల మీద ఉండగానే బండి ముందు హుక్కుకి తగిలించి, రెండో కొసని బానెట్ మీదుగా తెచ్చి కిటికీలోంచి లోపలికి వేసుకోవడం. మధ్యలో ఆగిపోతే, బెల్టు తగిలించడానికి మొసళ్ళ నీళ్ళలోకి ఎవరు దిగుతారు? మీరా, ఆయనా? కొస చేతిలో ఉంటే బయటివాళ్ళకి విసరొచ్చు. నీళ్ళలోకి వెళ్ళే ముందు కిటికీలు దించే ఉంచండి, కరెంటు పోతే అవి కదలవు. "మొసలికి తలుపు తీసినట్టు కాదా?" అని మా ఆయన ప్రతిసారీ అంటారు. నేను ప్రతిసారీ దించుతాను.

దిగేటప్పుడు లో రేంజ్, రెండో గేరు. ఆటోమేటిక్ అయినా రెండులో లాక్ చేయండి. మెల్లగా దిగి, ముందు చక్రాలు తడిశాక కొంచెం వేగం పెంచండి. మనిషి గబగబా నడిచేంత, అంతే. అప్పుడు బండి ముందు నీళ్ళు అలగా లేస్తాయి. ఆ అల వెనకాల నీటిమట్టం కాస్త తగ్గుతుంది, మీ ఇంజన్ ఆ పల్లంలో ఉండాలి. అలని దాటేంత వేగంగా వెళ్ళకూడదు, అల ముందుకి పారిపోయేంత మెల్లగానూ కూడదు. సినిమాల్లోలా నీళ్ళు రెండు వైపులా చిమ్ముకుంటూ వెళ్తే ఆ నీళ్ళు ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోకి పోతాయి. గేరు మార్చొద్దు, ఆగొద్దు, యాక్సిలరేటర్ మీద కాలు తీయొద్దు. చూపు కింద నీళ్ళ మీద కాదు, అవతలి ఒడ్డున బళ్ళు పైకెక్కిన చోట ఉండాలి. పారే నీళ్ళని చూస్తే బండే పక్కకి జారుతున్నట్టు అనిపించి స్టీరింగు తిప్పేస్తారు. స్టీరింగు నాకు రావడానికి కారణం ఇదే. రెండోసారి వెళ్ళినప్పుడు మా ఆయన నీళ్ళని చూశారు, ఒక పెద్ద రాయి ఎక్కారు, పక్కకి ఒరిగిన ఆ మూడు క్షణాలు నాకు మూడు గంటలు. పక్క సీట్లో ఉన్న మనిషి నోరు మూసుకోవడం కూడా పద్ధతిలో భాగమే. దిగాక "ఎడమ, ఎడమ" అని అరవడం వద్దు. చెప్పాల్సిందంతా ఒడ్డున చెప్పుకోండి. ఒడ్డున ఇద్దరిలో ఒకరు వద్దన్నా వద్దే, కారణం చెప్పక్కర్లేదు. మా మధ్య ఆ ఒప్పందం ఉంది కాబట్టే ఐదోసారి కూడా వెళ్తాం.

ఎదురుగా బండి నీళ్ళలో ఉంటే అది పూర్తిగా పైకొచ్చే దాకా దిగొద్దు. ఒకవేళ మధ్యలో ఇంజన్ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి. సిలిండర్లలో నీళ్ళుంటే ఆ ఒక్క తిప్పుతో ఇంజన్ పోతుంది. లోపలే కూర్చుని, రేడియోలో పిలిచి, బెల్టు కొస పట్టుకుని ఆగండి. అద్దె బండి అయితే ఒప్పందం ముందే చదవండి, నీటి వల్ల జరిగే నష్టం చాలా వాటిలో కవర్ కాదు.

అవతలి ఒడ్డెక్కాక టార్పాలిన్ విప్పి, బ్రేకు మీద కాలు తేలిగ్గా పెట్టి వంద గజాలు నడిపితే బ్రేకులు ఆరతాయి. ఆ రాత్రికి హోమ్ వ్యాలీ స్టేషన్‌లో క్యాంపు తెరిచి ఉంటే అక్కడ ఆగండి. సాయంత్రం ఎండ పడ్డప్పుడు తూర్పున కాక్‌బర్న్ కొండల వరుస అంతా కాలిన ఇటుక రంగులోకి మారుతుంది. దాని ముందు వేడి అన్నం, కందిపొడి, నెయ్యి.

ఇక మిగతా దారి తేలికే. డీజిల్ మౌంట్ బార్నెట్ రోడ్‌హౌస్‌లో తప్పకుండా నింపండి, అక్కడి నుంచి డెర్బీ ఇంకా 300 కిలోమీటర్లు. గాల్వన్స్ గార్జ్ రోడ్డు పక్కనే, కొద్దిసేపు నడిస్తే చాలు. బెల్ గార్జ్‌కి పొద్దున్నే వెళ్ళండి. విండ్జానా గార్జ్‌లో ఇసుక మీద పడుకుని కనిపించేవి సన్నమూతి మంచినీటి మొసళ్ళు, వాటి జోలికి వెళ్ళకపోతే అవీ రావు. అయినా దూరంగా ఉండండి. దగ్గర్లోనే ఉన్న టన్నెల్ క్రీక్ గుహలోకి టార్చిలైటు లేకుండా వెళ్ళొద్దు. వలస పాలకుల మీద పోరాడిన బునుబా తెగ వీరుడు జండమర్ర దాక్కున్నదీ, 1897లో తూటాలకి కూలిందీ ఇక్కడే. ఫోటోలు తీసుకునే ముందు ఒక్క నిమిషం అక్కడున్న బోర్డు చదవండి.

డెర్బీలో తారు తగలగానే టైర్లలో గాలి మళ్ళీ 40కి నింపండి, ఈ పని మరిచిపోయి హైవే మీద టైర్లు వేడెక్కించుకునేవాళ్ళు కొల్లలు. అక్కడి జెట్టీ దగ్గర పోటు, పాటు మధ్య తేడా 11 మీటర్లు దాటుతుంది, రెండూ చూడటానికి ఆరేడు గంటలు ఆగినా తప్పులేదు. ఆ ఖాళీలో బండి కింద పైపు పెట్టి ఎర్రమట్టి కడిగేయండి. దుప్పట్లు మాత్రం ఎన్ని ఉతుకులు ఉతికినా మాకు తెల్లబడలేదు.