చురుకైన పిల్లలకు మాట నేర్పడం – 4వ పాఠం: మాట అందించకండి

పోయిన పాఠంలో "తెలిసింది నోటితో చెప్పించండి" అన్నాను. చాలా ఇళ్లలో అది పాఠం అప్పజెప్పించుకోవడంగా మారిపోయింది. అప్పజెప్పడం వేరు, విడమరిచి చెప్పడం వేరు. అందుకే కొత్త పాఠం పక్కన పెట్టి, ముందు దీన్ని సరిచేద్దాం.

చురుకైన పిల్లలకు జవాబు చటుక్కున తడుతుంది. అక్కడికి ఎలా చేరారో మాత్రం నోటికి రాదు. ఒక పదేళ్ల పాపను "ప్రతి పున్నమికీ చంద్రగ్రహణం ఎందుకు రాదు?" అని అడిగాను. "కక్ష్య వంగి ఉంది కదా!" అంది. తప్పేం కాదు. కానీ ఎవరి కక్ష్య? వంగితే ఏమవుతుంది? పక్కనే ఉన్న నాన్న "అంటే, భూమి నీడ..." అని అందుకున్నాడు. పాప తలూపింది. ఆ రోజుకి అంతే.

మర్నాడు ఎవరూ అందించలేదు. "చంద్రుడు తిరిగే దారి భూమి తిరిగే దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది," అని ఆగింది. రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి ఏటవాలుగా పెట్టి చూసుకుంది. "అందుకే చాలా పున్నములకి నీడ పైనుంచో కిందనుంచో వెళ్లిపోతాడు!" ఆ "అందుకే" పాప సొంతంగా పట్టుకున్నది.

మాట అందించడం అంటే వాక్యం పూర్తి చేయడం ఒక్కటే కాదు. మధ్యలో ఉచ్చారణ దిద్దడం, "అంతేనా?" అనడం, కనుబొమలు ఎగరేయడం, సగంలోనే "కరెక్ట్!" అనేయడం, అన్నీ అందించడమే. చివరిది మరీ చెరుపు. మెప్పు దొరికాక ఇంకా ఎందుకు చెబుతారు? ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, 3 సెకన్లు ఆగితే జవాబులు పెరుగుతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపించారు. నేనైతే 5 దాకా లెక్కపెడతాను, బల్ల కింద వేళ్లు ముడుస్తూ. నత్తి ఉన్న పిల్లల దగ్గర ఈ ఓపిక ఇంకా అవసరం.

అభ్యాసం: షూ లేస్ ముడి ఎలా వేయాలో పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని, "ఇలా, అలా" అనకుండా చెప్పాలి. వాళ్లు చెప్పినంతే మీరు చేయాలి, చెప్పనిది చేయకూడదు. ముడి పడేదాకా రోజూ చేయండి, వారం పట్టినా సరే.